దీర్ఘం లేని ప్రశ్నపత్రం

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో బాగా తెలివైన పిల్లల కోసం బడిలో ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెట్టాలని పెద్దమేడం అనుకున్నప్పుడు, దాన్ని తయారుచేసే పని లెక్కల టీచరు నెత్తిన పడింది. నెత్తిన పడిందని తోటివాళ్ళు అన్నారు గానీ, ఆమె మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుంది. వాళ్ళింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో చెప్పింది చేయమన్నవాళ్ళే తప్ప, నువ్వే ఆలోచించి చెప్పమన్నవాళ్ళు లేరు.

నెలరోజులు కూర్చుని ఆమె పద్నాలుగు పేజీలు రాసింది. పన్నెండు మంది పిల్లలు. వారానికి మూడు మధ్యాహ్నాలు, చివరి రెండు పీరియడ్లు, లైబ్రరీ పక్క చిన్నగది. మార్కులుండవు. పిల్లలు తమకు నచ్చిన సమస్య ఎంచుకుని, అది తేలేదాకా నిదానంగా పనిచేస్తారు. వాళ్ళను ఎంచుకోవడానికి గంటసేపు ఒక పరీక్ష, ఇరవై ప్రశ్నలు.

దీనికి పోటీగా ఇంకో కాగితం కూడా పెద్దమేడం బల్ల మీద ఉంది. అది సైన్సు చెప్పే ర్యాంకుల మాష్టారిది. ఆయన మంచివాడే. పిల్లల కోసం సాయంత్రం ఆరు దాకా బడిలోనే ఉండే మనిషి. కాకపోతే తెలివంటే ఆయనకు వేగమే. రోజుకు రెండొందల బిట్లు చేయించాలని ఆయన పథకం. "ముందు అమ్మాయి పద్ధతి చూద్దాం. ఎక్కడైనా తేడా వస్తే మీది," అని పెద్దమేడం తేల్చేసింది.

ముప్పై ఎనిమిది మంది పరీక్ష రాశారు. లెక్కల టీచరు పేపర్లు దిద్ది, పైనున్న పన్నెండు మంది జాబితా కట్టింది. మర్నాడు అది పాలకవర్గం ముందుకు వెళ్ళాలి. మిగిలిన పేపర్లను కట్టగట్టబోతూ అన్నిటికన్నా అడుగునున్నదాన్ని మరోసారి చూసింది. నలభైకి రెండు మార్కులు. ఏడో తరగతి అమ్మాయిది. తోటి పిల్లలు ఆమెను 'నిదానం' అని పిలుస్తారు. టిఫిను డబ్బా మూత తీయడానికి కూడా ఆలోచిస్తుందని వాళ్ళ వేళాకోళం.

ఇరవై ప్రశ్నల్లో ఆమె ముట్టుకున్నది ఒక్కటే. పది మెట్లున్నాయి, ఒకసారికి ఒక మెట్టు గానీ రెండు మెట్లు గానీ ఎక్కవచ్చు, మొత్తం ఎన్ని రకాలుగా ఎక్కవచ్చు అన్నది. ఎనభై తొమ్మిది అని సరిగ్గానే రాసింది. దిద్దేటప్పుడు టీచరు దానికి రెండు మార్కులు వేసి, పేజీ తిప్పకుండానే పక్కన పెట్టేసింది. ఇప్పుడు తిప్పింది. వెనక రెండు పేజీల నిండా గీతలు, అంకెలు. ఒక మెట్టు విరిగిపోతే ఎన్ని దారులు మిగులుతాయి? ఏ మెట్టు విరిగితే ఎక్కువ నష్టం? ఒక్కో మెట్టునూ విరగ్గొట్టి చూసింది ఆ పిల్ల. చివర్లో, "పక్కపక్కనే రెండు మెట్లు విరిగితే ఒక్క దారీ ఉండదు. మేస్త్రీని పిలవాలి," అని రాసింది.

లెక్కల టీచరు నవ్వబోయి ఆగిపోయింది. ఆ ప్రశ్న ఇచ్చింది తనే అయినా, విరిగిన మెట్టు సంగతి తనకెప్పుడూ తట్టలేదు.

ఆ అమ్మాయిని పిలిపించి అడిగింది. "మిగతా పందొమ్మిదీ ఎందుకు వదిలేశావు? రాలేదా?"

"చూడలేదు టీచర్. మీరే రాశారుగా, ఒక్కటి వదలకండి అని."

"అందుకే అడుగుతున్నా."

"ఏది వదలకూడదో రాయలేదు. మెట్ల లెక్క బాగుందని దాన్నే పట్టుకున్నా. గంట కొట్టేదాకా వదల్లేదు."

"పక్కవాళ్ళు గబగబా అన్నీ చేసేస్తుంటే నీకేమీ అనిపించలేదూ?"

"పాపం, సరిగ్గా చదవలేదేమో అనుకున్నా టీచర్."

పిల్ల వెళ్ళాక టీచరు ప్రశ్నపత్రం తీసి చూసింది. అన్నిటికన్నా పైన, కింద గీత కొట్టి మరీ ఉంది: 'ఇరవై ప్రశ్నల్లో ఒక్కటి వదలకండి.' ఒక్కటీ అని ఉండాలి. టైపు చేసేటప్పుడు దీర్ఘం ఎగిరిపోయింది.

ముద్రణకు ముందు ఆ పేపరు తెలుగు మాష్టారి చేతుల మీదుగానే వెళ్ళింది. ఆమె దాన్ని తీసుకుని ఆయన దగ్గరికి నడిచింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మళ్ళీ కిందికి దించుకుని, రెండుసార్లు చదివాడు.

"అయ్యో. దీని మీద సంతకం కూడా పెట్టానమ్మా. మా ఆవిడ రోజూ తీసే దీర్ఘాల్లో ఒకటి ఇక్కడ పడేసినా సరిపోయేది."

"ఆ పిల్ల చదివింది తప్పేనంటారా మాష్టారూ?"

"తప్పెలా అవుతుంది? ఒక్కటి పట్టుకో, దాన్ని వదలకు అన్నట్టేగా ఉంది. మనమంతా అలవాటు కొద్దీ దీర్ఘం కలుపుకుని చదివేశాం." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా ఎవరూ అడగలేదు కదా. రేపు జాబితా వెళ్ళిపోతే గొడవే లేదు. ఇప్పుడు పేపర్లో తప్పుందన్నావనుకో, ఆ ర్యాంకులాయన కాగితం సిద్ధంగా ఉంది మరి."

ఆ మాట నిజమే. అందుకే అది ఆమెతో పాటు ఇంటికి వచ్చింది.

ఇంట్లో తల్లి మిషను ముందు కూర్చుని ఒక చొక్కాకి కాలరు పెడుతోంది. కూతురు చేస్తున్న పనిని ఆవిడ 'స్కీము' అంటుంది. మా అమ్మాయి స్కీము రాస్తోందని ఆ వీధిలో చెప్పని గుమ్మం లేదు. కూతురు సంగతంతా చెప్పింది. తల్లి మిషను ఆపలేదు.

"అయితే ఆ పిల్లకి ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదమ్మా. వెళ్ళమన్నాను."

"తప్పు నీదని చెప్పలేదూ?"

"చెప్తే స్కీము పోతుందేమో."

తల్లి అప్పుడు కాలు తీసింది. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. "చదువుకున్నదానివి, నాకంటే నీకే తెలియాలి. నాకు తెలిసింది కుట్టు. ఈ కాలరు వంకరగా పడిందనుకో, తొడుక్కునేవాడి మెడ వంకరని చెప్పి పంపుతానా?" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

"ఇంత చిన్న దీర్ఘానికి ఇంత కథ ఏమిటే అనవేం మరి?"

"ఆ అక్షరాలు నాకేం తెలుసు? చిన్నదో పెద్దదో నువ్వే చూసుకో."

మర్నాడు మొదటి గంట కాకముందే లెక్కల టీచరు పెద్దమేడం గదిలో ఉంది. అప్పటికే ర్యాంకుల మాష్టారు ఏదో సంతకం కోసం వచ్చి కూర్చున్నాడు. ఆయన వెళ్ళేదాకా ఆగుదామనుకుంది గానీ, ఆగితే తన ధైర్యం కూడా ఆయనతో పాటే వెళ్ళిపోతుందనిపించింది. ప్రశ్నపత్రం, ఆ పిల్ల రాసిన పేజీలు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తెలుగు మాష్టారి సంతకం ఊసెత్తలేదు.

పెద్దమేడం ఆ వాక్యాన్ని పైకి చదివింది. మళ్ళీ మెల్లగా చదివింది.

"నలభైకి రెండొచ్చిన పిల్లని ప్రతిభావంతురాలంటే బయట నవ్వుతారు మేడం," అన్నాడు ర్యాంకుల మాష్టారు. గొంతులో వెటకారం లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. "ఏమ్మా, ముప్పై ఏడు మందికి అర్థమైంది ఆ ఒక్కదానికి కాలేదంటే, లోపం ఎక్కడున్నట్టు?"

"ఆ ముప్పై ఏడు మంది నేను రాయాలనుకున్నది చదివారు మాష్టారూ. ఈ అమ్మాయి నేను రాసింది చదివింది."

పెద్దమేడం వాళ్ళ మాటలు వింటున్నట్టు లేదు. వెనక పేజీలు చూస్తోంది. "మాష్టారూ, చివరి మెట్టు వదిలేయండి, అది విరిగితే పైకే చేరం. మిగతా తొమ్మిదిలో ఏ మెట్టు విరిగితే ఎక్కువ దారులు పోతాయి?"

"మధ్యది," అన్నాడాయన రెప్ప వేయకుండా.

"ఈ అమ్మాయి రెండోది అంటోంది. లేదంటే ఎనిమిదోది, రెండిటికీ నష్టం ఒకటేనట."

"కుదరదు మేడం. మధ్యలో తెగితేనే కదా..." అంటూ ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. బల్ల మీదున్న పాత కవరు తిరగేసి లెక్క మొదలుపెట్టాడు. బయట గంట కొట్టారు. పిల్లల అడుగుల చప్పుడు వరండా పొడవునా వెళ్ళి సద్దుమణిగింది. ఆయన మొదటి పీరియడు ఎనిమిదో తరగతిలో ఉంది. ఆ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. ఒకచోట కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. లెక్కల టీచరు నిలబడే ఉంది.

"అయిదోది విరిగితే ఇరవై అయిదు దారులు మిగులుతున్నాయి," అన్నాడు చివరికి. "రెండోది విరిగితే ఇరవై ఒకటే." పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. "రెండోదే మేడం. ఎంతసేపు పట్టింది నాకు?"

"పావుగంట."

"బిట్టయితే పోయినట్టే," అన్నాడు, తనలో తను.

పెద్దమేడం లెక్కల టీచరు వైపు తిరిగింది. "పద్నాలుగు పేజీల్లోనూ నిదానం నిదానం అని రాశావు. పరీక్షకొచ్చేసరికి ప్రశ్నకు మూడు నిమిషాలిచ్చావు. నాకు ఆ దీర్ఘం కంటే ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తోంది."

లెక్కల టీచరు బల్ల మీదున్న ప్రశ్నపత్రం వైపు చూసింది. నెలరోజులు రాసినా అది తన కంటపడలేదు.

"జాబితా ఇవాళ వెళ్ళదు. పాలకవర్గానికి నేను చెప్పుకుంటాను. ముప్పై ఎనిమిది మందికీ మళ్ళీ పెట్టు, ఒకే ప్రశ్న, వారం గడువు. పేపర్లు మీరిద్దరూ కలిసి చూడండి. మొదటి మూడు నెలలు నీ పద్ధతే నడిపి చూద్దాం, ఆ తర్వాత మాట్లాడదాం." జాబితా ఉన్న ఫైలును ఆమె వైపు జరిపింది. "ఇది నీ దగ్గరే ఉండనీ."

"నా పిల్లలు కూడా చేస్తారు, చూడండి," అన్నాడు ర్యాంకుల మాష్టారు లేస్తూ. ఆ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం లెక్కల టీచరు ఆ అమ్మాయిని వరండాలో ఆపింది.

"మొన్నటి పేపర్లో తప్పు నాది. అక్కడ దీర్ఘం ఉండాలి. ఒక్కటీ వదలకుండా అన్నీ చేయమని నా ఉద్దేశం. వచ్చేవారం మళ్ళీ పెడుతున్నాం. నువ్వూ రాయాలి. సీటు వస్తుందని మాత్రం ఇప్పుడే చెప్పలేను."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. టీచరు ఎదురుచూసింది.

"ఈసారి ఎన్ని ప్రశ్నలు టీచర్?"

"ఒక్కటే. ఇంకా రాయలేదు."

"రాశాక ముందు నాకు చూపించకూడదు కదా," అంది అమ్మాయి. "ఇంకెవరిచేతైనా నిదానంగా చదివించండి."