అక్కకు మిగిలిన తొమ్మిది

చిన్న టైలరమ్మకు రొమ్ములో గడ్డ వరకే తీసి, రొమ్మును ఉంచారు. ఇక రేడియేషన్ మిగిలింది. దానికి డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. రొమ్మంతటికీ పదిహేను రోజులు, లేదా కోత చుట్టూ మాత్రమే ఐదు రోజులు.

"మీ గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు. మీలాంటివాళ్ళకి ఐదు రోజులు చాలు. తిరగబెట్టే భయంలో రెండింటికీ పెద్ద తేడా లేదమ్మా."

చిన్న టైలరమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఎవరిమీదో తనకే తెలియదు. "ఐదేనా? అప్పట్లో మా అక్కకి ఇరవై ఐదు రాశారు."

"అప్పట్లో అందరికీ అంతే. ఇప్పుడు పద్ధతులు మారాయి."

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే కొట్టు, ఎదురెదురు మిషన్లు. పెద్ద టైలరమ్మ నోటికి హద్దులేదు. బట్టలు బిగుతయ్యాయని వచ్చినవాళ్ళతో, "బట్ట అంతే ఉందమ్మా, నువ్వే పెరిగావు" అనేది. పదకొండేళ్ళ కిందట ఆమెకూ ఇదే జబ్బు, ఇదే ఆపరేషన్. పదహారు రోజులు బుద్ధిగా రేడియేషన్‌కు వెళ్ళింది. ఇంతలో బడులు తెరిచే వారం నెత్తిమీదికొచ్చింది. రెండువందల యూనిఫారాలు, ఇంకా కాజాలు కూడా పడలేదు.

"ఇవి ఇచ్చేసి వెళ్దువులే అక్కా" అన్నది చెల్లెలే.

అక్క నవ్వి, "చావడానిక్కూడా తీరిక లేదే" అంటూ మిషను తొక్కింది. వారం కాస్తా మూడు వారాలైంది. ఒంటిమీద ఆస్పత్రివాళ్ళు గీసిన గుర్తులు చెరిగిపోయాయి. ఇప్పుడు వెళితే చీవాట్లు తప్పవని అక్క మొహం చాటేసింది. చెల్లెలు గట్టిగా అడగలేదు. మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టి అక్కను తీసుకుపోయింది.

ఐదు రోజులే అయివుంటే అక్క పూర్తిచేసేది. డాక్టరమ్మ ఎదుట కూర్చుని చిన్న టైలరమ్మ ఆ మాట మనసులోనే అనుకుంది.

"ఐదే రాయండి" అంది చివరికి.

ఐదో రోజు టెక్నీషియన్ ఆమెను బల్లమీంచి దింపి, "అయిపోయిందమ్మా. ఇక గుర్తులు కడిగేసుకోవచ్చు" అంది.

మర్నాడు అదే వేళకు చిన్న టైలరమ్మ ఆ గది బయట బెంచీమీద కూర్చుని ఉంది. టెక్నీషియన్ చూసి దగ్గరికొచ్చింది.

"మీవి నిన్నటితో అయిపోయాయి కదమ్మా?"

"నావి అయిపోయాయి. మా అక్కవి తొమ్మిది ఉన్నాయి."

"ఆవిడేరీ?"

"రాలేదు. నేనే ఆపేశాను."