చలికి నల్లబడిన గీతలు

ఎలుకల సంస్మరణ సభలో శ్రద్ధాంజలి చదవమని మా అనే ఇంటిపేరున్న ప్రొఫెసర్ ఈసారి సోల్బికి చెప్పాడు. కొరియాలో, క్వాంగ్జూలోని ఆ పరిశోధనశాలలో ఏటా ఆకులు రాలే కాలంలో జంతుశాల వెనకున్న రాయి ముందు ఆపిల్ పళ్ళు, ఓ ఇత్తడి గిన్నెలో ఎలుకల మేత పెట్టి, ఆ ఏడు తమ చేతుల్లో చచ్చిన ప్రాణులకు అందరూ తలవంచి మొక్కుతారు. అక్కడ ఆ నాలుగు ముక్కలూ చదివేది ఎప్పుడూ సోల్బి సీనియరు నాన్‌హీయే. చచ్చిన ఎలుకల ముందు చదివే కాగితం కోసం నలభై దాటిన మనిషి కుళ్ళుకుంటుందా అంటే, నిక్షేపంగా కుళ్ళుకుంటుంది. సోల్బి గొంతు వణుకుతుంటే, వెనక వరసలో నిలబడి, ఎంత నటనో అనుకుంది.

నిజానికి సోల్బిని తయారుచేసింది తనే. చుక్క మందు కొలవడం దగ్గర్నుంచి ఎలుక మెదడును చితక్కుండా బయటికి తీయడం దాకా చెయ్యి పట్టుకుని నేర్పింది. "అక్కా, అక్కా" అంటూ వెంట తిరిగిన పిల్ల ఇప్పుడు తన నెత్తినెక్కి కూర్చుంది.

ఇద్దరూ వెతుకుతున్నది ముసలితనపు మతిమరుపు జబ్బుకు మందు. కణంలో కబుర్లు మోసే ఎంజైములు కొన్ని ఉంటాయి. ఒక రకం ఎంజైము పక్కనున్న ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ అనే చిన్న బొట్టు పెడుతుంది, కబురు అందుతుంది. ఇంకో రకం వచ్చి ఆ బొట్టు తుడిచేస్తుంది. మతిమరుపు వచ్చిన మెదడులో పెట్టేవాళ్ళది పైచెయ్యి అయిపోయి, బొట్ల బరువుకి ప్రొటీన్ ఉండలు కడుతుంది. బొట్లు ఎక్కువైతే, మెదడులోని ప్రొటీన్‌ను పరీక్షించే ఎక్స్‌రే లాంటి ఫిల్మ్ మీద గీత నల్లగా వస్తుంది, తగ్గితే వెలిసిపోతుంది. పెట్టే ఎంజైముల్లో ఒకదాన్ని అణిచే మందు మీద నాన్‌హీ ఆరేళ్ళుగా కూర్చుంది. ఇంకోదాన్ని పట్టుకుని సోల్బి నిన్నగాక మొన్న మొదలుపెట్టింది. నాన్‌హీ ఫిల్ముల్లో గీతలు కాస్త వెలిస్తే, సోల్బి ఫిల్ముల్లో కంటికి ఆననంతగా వెలిసేవి.

ఆ విభాగంలో ఉన్నది ఒకే ఒక్క శాశ్వత ఉద్యోగం. వసంతంలో సియోల్ నుంచి నిపుణుల కమిటీ వస్తుంది, ఎవరి మందు నిలబడితే ఆ ఉద్యోగం వాళ్ళది. ల్యాబ్ విందులో ప్రొఫెసర్ మా కాల్చిన పంది మాంసాన్ని ఆకులో చుట్టి, మొదటిది సోల్బి పళ్ళెంలో పెట్టాడు. నాన్‌హీ తన ముక్క తనే చుట్టుకుంది.

జనవరిలో ఒక ఉదయం ఆమె జంతుశాలకు వెళ్ళింది. సోల్బి ఎలుకలు మత్తులో స్టీలు బల్ల మీద వరసగా పడి ఉన్నాయి. సోల్బి ఏదో తేవడానికి బయటికి వెళ్ళింది. ఒకదాని తోక ముట్టుకుంటే మంచుముక్కలా ఉంది. గది ఇంకా వేడెక్కలేదు. ఉదయం కోసేవి మందు ఇవ్వనివి, మందు ఇచ్చినవాటి వంతు భోజనాల తర్వాత, గది వెచ్చబడ్డాక వస్తుంది. మత్తులో ఒళ్ళు చల్లబడితే బొట్లు తుడిచే ఎంజైము బద్ధకిస్తుంది, గీతలు వాటంతటవే నల్లబడతాయి, మధ్యాహ్నం వెచ్చగా కోసినవి వాటి పక్కన వెలిసినట్టు కనిపిస్తాయి. అంటే ఇన్నాళ్ళూ ఆ ఫిల్ముల్లో కనిపించింది మందు పనితనం కాదు, హీటరు పనితనం.

ఆ మాట అప్పుడే సోల్బికి చెప్పాలి. చెప్పలేదు. బయటికొచ్చి కాఫీ కొనుక్కుని, ఎండలో నిలబడి చివరి గుక్క దాకా తాగింది. కమిటీ ముందు లేచి నిలబడి, వినయంగా ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. ఆ సన్నివేశాన్ని మనసులో ఎన్నిసార్లు ఆడించుకుందో ఆమెకే తెలియదు.

అడిగేముందు రుజువు కావాలి. చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులకు ల్యాబ్ అంతా ఊళ్ళకు పోయింది. ఎలుకల్ని చూసుకునేవాళ్ళు లేరని మొక్పోలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పి నాన్‌హీ ఉండిపోయింది. సోల్బి మందు తాగుతున్న ఎలుకల్లో మిగిలినవి ఉన్నాయి, ఎవరికి కావాలన్నా వాడుకోమని సోల్బే అంది. వాటి పక్కన తన మందు తాగినవీ, మందే లేనివీ పెట్టింది. అన్నిటినీ వెచ్చటి పరుపు మీద పడుకోబెట్టి, ఒళ్ళు చల్లబడకుండా చూస్తూ కోసింది. అన్నీ ఒకే ఫిల్మ్ మీదకి తెచ్చింది. సోల్బిది కూలిన చోటే తనది నిలబడాలి, చూసినవాళ్ళకు అనుమానం ఉండకూడదు.

ఫిల్మ్ కడిగి వెలుగుకు పట్టుకుంది. సోల్బి గీతలు మునుపటంత కాకపోయినా, వెలిసే ఉన్నాయి. మందు లేని ఎలుకల గీతలు నల్లగా ఉన్నాయి. తన మందు తాగిన ఎలుకల గీతలూ అంతే నల్లగా ఉన్నాయి. మందు లేనివి ముందు, మందున్నవి తర్వాత, అలా చేస్తే చెయ్యి తడబడదు అని సోల్బికి నేర్పింది తనే. ఆరేళ్ళుగా తనూ అలాగే చేసింది. కిందటి చలికాలాలన్నీ కలిసి తనకో మందును కనిపెట్టి పెట్టాయి. నాన్‌హీ ఆ ఫిల్మును చింపబోయి చింపలేక, సంచిలో కుక్కింది.

కమిటీ వచ్చింది. సోల్బి గడగడా చెప్పుకుపోతుంటే సియోల్ నుంచి వచ్చిన పెద్దమనిషి చెయ్యెత్తాడు.

"ఈ తేదీలన్నీ చలికాలానివే. ఎలుకల ఒంటి వేడి చూసుకున్నారా? చలికి కూడా ఈ గీతలు నల్లబడతాయమ్మా. మీరు కనిపెట్టింది మందునా, జనవరి నెలనా?"

అందరూ నవ్వారు. సోల్బి ముఖం పాలిపోయింది. నాకిలాగే నేర్పారండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "చూసుకోలేదండి. పొరపాటు నాదే" అంది.

నాన్‌హీ కోరుకున్నది అచ్చం ఇదే. తీరా జరిగాక ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ పిల్లను పడగొట్టే హక్కు ఎవరికైనా ఉంటే తనకుంది, ఊరూ పేరూ తెలియని వీడెవడు? ఆ ఉక్రోషంతోనే లేచింది. వెళ్ళి సంచిలోని ఫిల్మును దీపపు తెర మీద పెట్టింది. సగం చేత్తో కప్పితే సోల్బి గీతలు మాత్రమే కనిపించేవి. ఒక్క క్షణం చెయ్యి అక్కడిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"వెచ్చగా ఉంచి చేసినవి ఇవి. సోల్బి మందు నిలబడింది" అంది.

పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది. మరి ఈ పక్కవి?"

"నావి. నా మందు పనిచెయ్యదు."

ప్రొఫెసర్ మా చప్పట్లు మొదలుపెట్టాడు. చెల్లెలి లాంటి పిల్ల కోసం పండగ కూడా మానుకుందనీ, పెద్దరికమంటే ఇదనీ పొగిడాడు. ప్రతి మాటకీ నాన్‌హీ తలవంచుతుంటే చెంపదెబ్బలు తింటున్నట్టుంది.

సోల్బి ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమె ఇంకా ఆ ఫిల్మునే చూస్తోంది. అందరూ భోజనాలకు కదిలాక వరండాలో నాన్‌హీకి ఎదురొచ్చింది.

"నాది తప్పని తేలాలనే చేశారు కదక్కా?"

"అవును."

"పక్కన మీది పెట్టుకుంది..."

"నాది నిలబడుతుందని. ఇంకేం అడుగుతావ్?"

సోల్బి కళ్ళు తుడుచుకుంది. "ప్రొఫెసర్‌గారు నన్ను మెచ్చుకుని రిపోర్టు మీద సంతకం పెట్టేశారు. స్నేహితులు చూడకుండానే బాగుందన్నారు. ఎలుక ఒళ్ళు ముట్టుకుని చూసింది మీరొక్కరే."

"నీ మీద ఏడుపుతో ముట్టుకున్నాను."

"తెలుసు. అది తగ్గిందా?"

"లేదు" అంది నాన్‌హీ. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఉద్యోగం ఈ పిల్లదే, రేపటి పేరూ ఈ పిల్లదే, కడుపులో మంట మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"అయితే తర్వాతి ఫిల్ములు కూడా మీరే చూడాలి" అంది సోల్బి. "ఇంకెవరు చూసినా నాకు నమ్మకం కుదరదు."

నాన్‌హీ ఆమెను ఎగాదిగా చూసింది. కసాబిసా తిట్టాలనిపించింది.

"రేపు పొద్దున పట్టుకురా" అంది.