పదిహేడో గుంట దగ్గర బల్లగుడ్డ

మా ఆయన వాటీ ఇమ్రీ చేపలవాళ్ళ ఇంట పుట్టాడు గానీ, పడవ రేవు దాటిందంటే చాలు, తిన్నదంతా సముద్రానికి సమర్పించుకునేవాడు. మామగారు మూడేళ్ళు ఓపిక పట్టి చివరికి ఒడ్డున దింపేశారు. అప్పటినుంచి మా ఊరు కిల్‌హేవెన్ గోల్ఫ్ క్లబ్బులో పెద్దమనుషుల కర్రలు మోశాడు, కర్రలు చెక్కడం నేర్చుకున్నాడు. ఇక ఆటలోకి దిగితే ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ ఆయన దరిదాపులకు వచ్చేవారు కాదు.

1908 వసంతంలో క్లబ్బు ప్రొఫెషనల్ ముసలి హ్యూ పోయాడు. ఆ ఉద్యోగమంటే కర్రలు చేసే కొట్టు, దొరలకు ఆట నేర్పే పని, ఏడాది పొడవునా జీతం. పోటీలో ఇద్దరు మిగిలారు: మా ఆయన ఒకడు, ఎడిన్‌బరో నుంచి వచ్చిన గిల్బర్ట్ షీల్స్ మరొకడు. ఇద్దరూ పద్దెనిమిది గుంటల మ్యాచ్ ఆడాలి, తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడిది ఆ గుంట, ఎక్కువ గుంటలు గెలిచినవాడిదే ఉద్యోగం. ఓడితే వాటీకి మళ్ళీ పడవే గతి. వాళ్ళన్న అప్పటికే పడవలో చోటు చూసి ఉంచాడు.

నేను ఊళ్ళో బట్టలు ఉతికేదాన్ని. మా ఆడవాళ్ళు తరతరాలుగా ఆ మైదానం గడ్డి మీదే బట్టలు ఆరేస్తారు. బంతులు రాకముందు నుంచీ ఆ గడ్డి మాది. క్లబ్బువాళ్ళు కూడా చేసేది లేక ఒక నియమం రాసుకున్నారు: బంతి ఉతికిన బట్ట మీద పడితే, బంతిని చేత్తో ముట్టకూడదు, బట్టనే కింది నుంచి లాగెయ్యాలి. అయితే కెప్టెన్ మేజర్ కార్‌స్టెయిర్స్ దొరకు మా బట్టలంటే ఒళ్ళు మంట. మ్యాచ్ రోజున మైదానం మీద చేతిరుమాలు కనిపించినా ఊరుకోనని చాటింపు వేయించాడు.

"ఈఫీ, నీకు దణ్ణం పెడతాను, ఇవాళ ఒక్కరోజుకి బుట్ట దించు" అన్నాడు వాటీ పొద్దున్నే.

"నీ ఆట నువ్వు చూసుకోవయ్యా. నా బట్టల సంగతి నాకు తెలుసు."

"ఆ మాటంటేనే నాకు భయం."

భయపడ్డాడంటే పడడూ మరి! నా బుట్టలో ఉన్నది మేజరు దొరసాని బల్లగుడ్డ. పన్నెండుమంది కూర్చునే భోజనాల బల్లమీద పరిచేది. ఆ సాయంత్రం దొరగారింట విందు, నాలుగింటికల్లా గుడ్డ అందాలని కబురు. దాని మీద మాంసం పులుసు మరక, అది పోవాలంటే ఎండ తగలాల్సిందే. అందుకే క్లబ్బు కిటికీలకు కనబడకుండా పదిహేడో గుంట ఎడమవైపు, పసుపు పూల ముళ్ళపొదల చాటున గడ్డి మీద పరిచాను. పన్నెండేళ్ళలో మా ఆయన బంతి అక్కడ ఒక్కసారీ ఎడమకు పోలేదు, ఎప్పుడూ కుడికే. ఆ ధైర్యంతోనే పరిచాను, అదే నేను చేసిన తప్పు.

పదహారు గుంటలు అయ్యేసరికి ఇద్దరూ సమానం. పదిహేడోది వాటీ కొట్టాడు. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి లేచి బంతిని నా పొదల మీదికి తోసింది. నా కళ్ళముందే 'టప్' మని బల్లగుడ్డ మధ్యలో పడింది. తెల్ల గుడ్డ మీద తెల్ల బంతి.

జనమంతా పొదల అవతల వెతుకుతున్నారు. మేజరు దొర గడియారం తీశాడు. అయిదు నిమిషాల్లో దొరక్కపోతే గుంట షీల్స్‌ది. నేను పొద వెనక గొంతుక్కూర్చున్నాను. బయటికొస్తే చాటింపు మీరినది ఆటగాడి పెళ్ళామే అని తెలుస్తుంది, ఉద్యోగం ఊడినట్టే. రాకపోయినా ఊడినట్టే.

"నాలుగు నిమిషాలు" అన్నాడు దొర.

ఆపుకోలేకపోయాను. "దొరగారూ! బంతి ఇక్కడుందండీ, నా ఉతుకు మీద!"

దొర మొహం కందగడ్డైంది. "ఏమమ్మా, నేనేం చెప్పాను? ఎవరి గుడ్డ ఇది?"

"మూల చూడండి దొరగారూ, పేరు కుట్టి ఉంది."

వంగి చూశాడు. దొరసాని గారు స్వయంగా కుట్టుకున్న అక్షరాలు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక నవ్వు ఆగలేదు. షీల్స్ అయితే కర్ర మీద వాలిపోయి మరీ నవ్వాడు.

"నియమం ప్రకారం లాగాల్సిందే కదా, లాగు చెల్లీ" అన్నాడు షీల్స్. మంచివాడు పాపం.

రెండు మూలలూ పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళుగా దుప్పట్లు దులిపిన చేతులు ఇవి. ఒక్క ఊపున లాగాను. గుడ్డ నా చేతికొచ్చింది, బంతి ఉన్నచోటే గడ్డి మీద కూర్చుంది. వాటీ నా వంక చూడనైనా చూడకుండా ఇనుప కర్రతో కొట్టాడు. బంతి గుంటకు మూరెడు దూరంలో ఆగింది. షీల్స్‌కి ఒక దెబ్బ ఎక్కువ పట్టింది, ఆ గుంట మాది. పద్దెనిమిదోది సమానం. గెలిచాం!

క్లబ్బు మెట్ల మీద దొర గొంతు సవరించుకున్నాడు. "ఇమ్రీ, ఉద్యోగం నీదే. ఒక్క షరతు. నీ భార్య బట్టలు ఇక మైదానం మీద కనబడకూడదు."

నేను సరేనందామని నోరు తెరిచాను. ఈలోపే వాటీ టోపీ తీశాడు.

"అయితే వద్దులెండి దొరగారూ. నేను పడవెక్కుతాను."

అంతలో గుంపులోంచి దొరసాని గారు, "ఏమండీ, మీ షరతులు తర్వాత, ముందు నా బల్లగుడ్డ ఆరాలా వద్దా?" అని గద్దించింది. దొర కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే, ఆ పొదల దగ్గర మాత్రమే" అని గొణిగి లోపలికి వెళ్ళిపోయాడు.

ప్రొఫెషనల్‌కి క్లబ్బు లోపలికి ప్రవేశం లేదు. మేమిద్దరం కొట్టు గుమ్మంలో కూర్చుని ఎండుచేప, రొట్టె తిన్నాం.

"నిజంగానే ఎక్కేవాడివా?" అన్నాను.

"ఎక్కేవాణ్ణే. బకెట్టు పట్టుకుని."

నవ్వాను, ఏడ్చాను, నా రొట్టెలో సగం ఆయనకే పెట్టాను.