పచ్చని బఠాణీలో పచ్చి నిజం

“టార్ట్రజీన్ మానిపించాలట నాన్నా,” అంది నోరీన్.

“ఏ జీన్? మన వీధిలోనే ముగ్గురు జీన్లున్నారు. ఎవరితో మాట్లాడటం మానాలి?” అన్నాడు విల్ఫ్, కాగుతున్న నూనె చప్పుడులోంచి.

“మనిషి కాదు, పసుపు రంగు. అది పాప తిండిలో ఉండకూడదని నర్సు సిస్టర్ చెప్పింది.”

“ఓహో, రంగా! చేపకీ చిప్స్‌కీ రంగెక్కడిది? ఇక్కడ భయం లేదులే తల్లీ.”

అది పందొమ్మిది వందల ఎనభై ఆరు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ ఊళ్లో విల్ఫ్ బ్రియర్లీది తండ్రి నాటి దుకాణం. వేయించిన చేప, చిప్స్, పక్కన ముద్దగా ఉడికిన బఠాణీలు. కూతురు నోరీన్ కౌంటరు చూసేది. ఆమె కూతురు లోర్నాకు ఆరేళ్లు.

పాఠక మహాశయులారా, ఆ పిల్లకు ఎనిమిది నెలలుగా ఒళ్లంతా దద్దుర్లు. రెండుసార్లు పెదాలు వాచాయి. వాపు గొంతుకు పాకితే ఊపిరికే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. బళ్లో పక్కపిల్లలు బెంచీ మార్చుకున్నారు. నోరీన్ మొదట్లో ఏడ్చేది. తరవాత ఏడుపూ రాలేదు. మందు రాయడం, గౌను తొడగడం, మళ్లీ మందు రాయడం. ముఖంలో ఏ భావమూ ఉండేది కాదు.

డబ్బాల మీద రంగులకు ‘ఈ’ అక్షరంతో నంబర్లు వేస్తున్న కాలమది; టార్ట్రజీన్‌ది ఈ నూట రెండు. నోరీన్ ఈ సీసా, ఆ డబ్బా అని చూడలేదు. ‘ఈ’ ఉన్నదల్లా ఇంట్లోంచి గెంటేసింది. ఆరెంజి షర్బత్తు పోయింది, జెల్లీ పోయింది, కస్టర్డు పొడి పోయింది. “మీ ఇంట్లో ఇక రంగున్నది గోడలకేనటగా!” అని పక్కింటావిడ ఎత్తిపొడిచింది.

నెల గడిచింది. దద్దుర్లు మాత్రం కదల్లేదు.

ఒక శుక్రవారం ఆ సిస్టర్, నర్సు ఎంట్‌విజిల్, దుకాణానికే వచ్చింది. పాప తిన్నవన్నీ నోరీన్ రాసిన పుస్తకం తిరగేసింది.

“నిన్న మధ్యాహ్నం చేప, ఉడికిన ఆలుగడ్డ. అంతేనా?”

“అంతే సిస్టర్. కూర మామూలే.”

“ఏం కూర?”

“బఠాణీలు. అవీ రాయాలా? కూరగాయలేగా! మిఠాయిలన్నీ మాన్పించేశాం పాపం, అందుకని నాన్న రెండు పూటలా గిన్నెడు పెడుతున్నాడు.”

నర్సు గిన్నెలోకి వంగి చూసింది. పెళ్లికి ముస్తాబైనట్టు పచ్చగా మెరుస్తున్నాయి.

“విల్ఫ్, ఎండు బఠాణీ ఉడికిస్తే బూడిద రంగుకి తిరగాలే. ఇంత పచ్చదనం ఎక్కణ్ణించి వచ్చింది?”

“బఠాణీ మందు వేస్తాంగా. మా నాన్నా వేసేవాడు.”

“మందా?”

“అవును, మందే. రంగు కాదు,” అంటూ విల్ఫ్ అరలోంచి డబ్బా తీసి ఇచ్చాడు. ముప్పయ్యేళ్లుగా ఆ డబ్బా మూత తీస్తున్నాడు గానీ, ఒంటి మీది రాత ఏనాడూ చదవలేదు.

నోరీన్ చదివింది. పచ్చదనం కోసం నీలంతో కలిపిన పసుపు. ఈ నూట రెండు.

నూనె మరుగుతూనే ఉంది.

“నేనే పెట్టానన్నమాట,” అన్నాడు విల్ఫ్.

“నువ్వు పెట్టావు, నేను తినిపించాను,” అంది నోరీన్, రేడియోలో వాతావరణ వార్త చెబుతున్నట్టు.

“ఇదేనని ఇంకా తేల్లేదు. ముందు ఆపి చూద్దాం. డాక్టరుకి నేను చెబుతాను,” అంది నర్సు.

మూడు వారాలకు లోర్నా చేతులు నున్నబడ్డాయి. తల్లి ఆ చేతుల్ని నిమిరి చూసింది. సంతోషం ఇంకా దారిలో ఉన్నట్టుంది, రాలేదు.

ఆ వారం శుక్రవారం నాడు దుకాణం ముందు వరస వీధి మలుపుదాకా ఉంది. గిన్నెలో బఠాణీలు బూడిద రంగులో ఉన్నాయి.

“ఏంటి విల్ఫ్, బఠాణీలు పోయాయా? ఖననం ఎప్పుడు?” అన్నాడు బస్సు డ్రైవరు సిడ్. అంతా నవ్వారు.

విల్ఫ్ నవ్వలేదు. గరిట పక్కన పెట్టి, వెనకవాళ్లకూ వినపడేలా చెప్పాడు.

“బఠాణీ అసలు రంగు ఇదే. ఇన్నేళ్లూ మీ కంటికి నచ్చాలని పొడి వేసి పచ్చగా చేశాను. దాన్ని మందన్నాను, అలాగే నమ్మాను. కూరగాయ అని నా మనవరాలికీ పెట్టాను. దాని ఒంటికి పడలేదు. అందరికీ పడదని సిస్టర్ అనడం లేదు. కానీ మీలో ఎవరి పిల్లకు పడదో నాకు తెలీదు, మీకూ తెలీదు. అందుకే చెబుతున్నా: తిండికి రంగేసేవాడు చెప్పి వెయ్యాలి, తినేవాడు అడిగి తినాలి.”