బంపర్‌కు రెండు నోళ్లు

అత్తగారికి వచ్చే నెలలో అరవై అయిదు. అరవై అయిదు వచ్చినవాళ్లను కొండ రేసులో కారు ఎక్కనివ్వరు. ఎక్కితే ఈ ఏడాదే, ఈ రోజే ఎక్కాలి. సాయంత్రం నాలుగింటికి కొండ కింద తనిఖీ. అక్కడ కారు ఆగిపోతే ఇక ఈ జన్మకు అంతే.

ముప్పై ఏళ్లు ఊళ్లో సగంమందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆ ముప్పై ఏళ్లూ పక్క సీట్లో కూర్చుని, బ్రేకు మీద కాలేసుకుని, పరాయివాళ్ల భయాన్ని మోసింది. ఒక్కసారి తన కోసం తొక్కాలనుకుంది. ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్లెవరూ మగవాళ్లను ఆ మాట అడగరు. సరే.

అల్లుళ్లిద్దరిదీ ఒకే షెడ్డు. పెద్దల్లుడిది ఇంజన్ పని. ఎప్పుడు చూసినా కారు కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంటాడు. చిన్నల్లుడిది సొట్టలు, బంపర్ల పని. బంపర్‌ను ఒళ్లో బోర్లించుకుని లోపలి వైపు నుంచే కోస్తాడు. ఆరేళ్లుగా ఒకే రేకుల కింద ఉన్నా ఇద్దరి చేతులూ ఒకే సామాను మీద పడలేదు. తోడల్లుళ్లు తన్నుకోకపోవడానికి కారణం అదేనని వాళ్ల పెళ్లాలు నవ్వుకుంటారు.

ఆ రోజు పడ్డాయి.

ఇంజన్‌లోకి టర్బో ఊదే గాలి కాగిపోయి ఉంటుంది. దాన్ని చల్లార్చే, రేడియేటర్ లాంటి డబ్బా ఇంటర్‌కూలర్. కంపెనీ పెట్టింది పలకంత ఉంటుంది. అత్తగారు బయట కొన్నది సూట్‌కేసంత ఉంది. పెద్దల్లుడు దాన్ని కారుకు బిగించేశాడు. బంపర్ దాని మీద కూర్చోవడం లేదు. లోపలి గట్టు కోయాలి. ఒక కొసన గొట్టం వంపు ముందుకు పొడుచుకొచ్చింది, దానికో కంత పెట్టాలి.

పెద్దల్లుడు కారు కింద పడుకుని, ఇంటర్‌కూలర్‌కు అట్ట ఆనించి కొలత గీసి కత్తిరించాడు. గొట్టం ఉన్న కొసన అట్టకు ఒక కొమ్ము వదిలాడు. చిన్నల్లుడు ఆ అట్టను బోర్లించిన బంపర్ మీద పరిచి, గీత గీసి, గ్రైండర్ పెట్టాడు. పది గంటలకల్లా కోత అయింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని బంపర్‌ను కారు ముందుకు తెచ్చారు.

గొట్టం డ్రైవర్ వైపు ఉంది. కంత రెండో వైపు ఉంది.

"ఏంటి తమ్ముడూ ఇది?" అన్నాడు పెద్దల్లుడు.

"అట్ట ఎలా ఉంటే అలా కోశాను అన్నయ్యా."

"అట్ట సరిగ్గానే ఉందిగా. ఇదిగో, ఇలా పట్టుకుంటే..." కింద పడుకుని అట్టను పైకెత్తి చూపించాడు. సరిగ్గానే ఉంది.

"ఇలా పెడితే?" చిన్నల్లుడు దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కొమ్ము రెండో వైపుకు పోయింది.

"నువ్వు తిప్పావు."

"నేనెక్కడ తిప్పాను? మీరు లేచారు."

అట్టను నేల మీద పెట్టారు. దాని చుట్టూ తిరిగారు. ఒక చోట నిలబడితే ఇద్దరికీ ఒప్పుదల కుదిరేది, రెండడుగులు వేయగానే పోయేది. చివరికి చిన్నల్లుడికి తన కుడిచెయ్యి మీద కూడా నమ్మకం పోయింది. అన్నం తినే చెయ్యి ఏదో ఒకసారి గుర్తుచేసుకున్నాడు.

కాసేపటికి పెద్దల్లుడికి లోలోపల అనుమానం తగిలింది: తప్పు తనదేనేమో. చిన్నవాడి ముందు ఆ మాట ఎలా అంటాడు? చిన్నల్లుడు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు అట్టను గమ్మున తిరగేసి పెట్టాడు. చిన్నల్లుడికీ నీళ్లు తాగుతుంటే అదే అనుమానం తగిలింది. పెద్దాయన్ని నొప్పించడం ఎందుకని, ఆయన గ్రైండర్ రాయి మార్చేలోపు వచ్చి అట్టను తిరగేశాడు. రెండు మర్యాదలు కలిసి అట్టను మొదటికే తెచ్చాయి.

మళ్లీ గీశారు. ఈసారి గీత మొదటి కంత అంచు మీదే పడింది. ఎందుకు పడిందో ఇద్దరికీ అర్థం కాలేదు, ఎవరూ అడగలేదు. కోశారు. మళ్లీ బంపర్ తెచ్చి ఆనించారు.

పాత కంతే ఇంకాస్త వెడల్పయింది.

"తిరగేశాగా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అత్తగారు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చేసరికి రెండున్నర. కోపం వచ్చేకొద్దీ ఆవిడ మర్యాద పెంచుతుంది.

"పెద్దల్లుడుగారూ, చిన్నల్లుడుగారూ, నాకు అర్థమయ్యేలా తమరు సెలవివ్వండి. ఈ కంతలోంచి ఏం చూడాలి?"

"అదేం లేదత్తయ్యా, అట్ట..."

"ఇక ఆ అట్టను ముట్టుకోకండి. ముప్పై ఏళ్లు కుడి ఎడమా తెలియనివాళ్లకు స్టీరింగ్ ఇచ్చాను, వాళ్లెవరూ ఇంత తిప్పలేదు. బంపర్‌ను కారుకే ఆనించండి. తగిలిన చోట కోయండి."

"బంపర్ వదిలేసి వెళ్తే?" అన్నాడు చిన్నల్లుడు.

"బంపర్ లేని కారును గేటు దగ్గరికే రానివ్వరు," అన్నాడు పెద్దల్లుడు. అంత గట్టిగా చెప్తే ఎవరు కాదంటారు?

తగిలిన చోట కోశారు. ఇప్పుడు బంపర్‌కు రెండు నోళ్లు. లోపలి గట్టంతా పోయి, రెంటినీ కలుపుతూ మధ్యలో రెండు వేళ్ల మందం పట్టీ మిగిలింది. బంపర్‌ను కారుకు పట్టి ఉంచే చెవుల్లో ఒకటి ఆ కోతలో పోయింది. మిగతావి స్క్రూలతో, ప్లాస్టిక్ కట్లతో బిగించి, నాలుగుకు పది నిమిషాల ముందు కొండ కిందికి చేరారు.

తనిఖీ మనిషి కారు చుట్టూ తిరిగాడు. బ్రేకులు చూశాడు, సీటుబెల్టు లాగాడు. ముందుకొచ్చి బంపర్‌ను ఒక మూల పట్టుకుని గుంజాడు. ఆ మూల ఆయన చేతిలోకి వచ్చేసింది.

అత్తగారు హెల్మెట్ తీసేయబోయింది. పొద్దుట్నుంచి మొదటిసారి ఆవిడ ముఖం వాడిపోయింది.

"తీసేయండి," అన్నాడు ఆయన.

"ఏం తీసేయాలి, నా పేరా?"

"బంపర్ తీసేయమ్మా. వదులుగా ఊగుతుంటే ఒప్పుకోను. లేకపోతే పర్లేదు."

"బంపర్ లేకపోతే రానివ్వరుగా?" అన్నాడు చిన్నల్లుడు.

"ఎవరన్నారు?"

అందరూ పెద్దల్లుడి వైపు చూశారు.

"అందరూ అంటారు," అన్నాడాయన.

"రూల్స్ కాగితం ఇచ్చాంగా?"

ఇచ్చారు. చీమ తలకాయంత అక్షరాలతో నాలుగు పేజీలు. అలాంటి కాగితాన్ని చదవమని ఎవడూ ఇవ్వడు, సంతకం పెట్టమని ఇస్తాడు. పెట్టారు.

ప్లాస్టిక్ కట్లు తెంపడానికి నిమిషం పట్టలేదు. ఇంటర్‌కూలర్ బోసిగా, ఎండలో తళతళలాడుతూ బయటపడింది. అత్తగారు అల్లుళ్ల వైపు చూడలేదు, ఎక్కి కూర్చుంది. జెండా పడింది. కారు మొదటి మలుపు తిరిగింది. పక్క సీటు ఖాళీగా ఉంది.

బంపర్ చెరో కొసా అల్లుళ్ల చేతుల్లో ఉంది. పైనుంచి టర్బో కూత వినిపిస్తోంది.

"మనం పొద్దుట్నుంచి చేసింది పనికొచ్చినట్టా రానట్టా అన్నయ్యా?"

"ఇంటర్‌కూలర్‌కు గాలి తగులుతోందిగా."

"అది మనం కోసినందుకు కాదుగా."

"ముందు దీన్ని ఎక్కడైనా పెడదాం," అని పెద్దల్లుడు ఒక వైపు నడిచాడు. చిన్నల్లుడు ఇంకో వైపు నడిచాడు. మధ్యలో ఉన్న రెండు వేళ్ల పట్టీ ఫట్‌మంది.