ఏడో నంబరు బోరు

మట్టికి రక్తపరీక్షలు చేసే మనిషని వీధిలో అతనికి మట్టి డాక్టరని పేరు పెట్టారు. నిజానికి పరీక్షలు చేసేవాళ్లు ఎక్కడో చల్లటి గదుల్లో ఉంటారు. ఇతని పనల్లా నేలలోకి ఇనుపగొట్టం దింపి, లోపలి మట్టిని సీసాలకెత్తి, మూతమీద నంబరు రాసి, ఐసుపెట్టెలో సర్ది పంపడం. అయినా ఆ పేరంటే అతనికి లోలోపల ముచ్చటే. చదవకుండానే డాక్టరైపోతుంటే వద్దనేదెవరు?

ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం, స్కూలు హాల్లో ఆఖరి వరసలో, పిల్లల బెంచీమీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఎవరూ తనని ఆ పేరుతో పిలవకుండా ఉంటే చాలనుకుంటున్నాడు.

వీధి వీధంతా అక్కడే ఉంది. ఊరి చెత్త గుట్టలా పేరుకుపోయింది. దాన్ని కాల్చే ప్లాంటు కట్టాలని మున్సిపాలిటీ పట్టు. కట్టేది ఎక్కడో కాదు, పాతికేళ్ల కిందట మూతపడిన రంగుల ఫ్యాక్టరీ స్థలంలో, వీళ్ల ఇళ్ల వెనక గోడకి ఆవల.

"కాలిస్తే ఆ పొగెటు పోతుందండీ? మా ముక్కుల్లోకేగా!" అన్నారు రిటైరైన మాస్టారు, మైకుని కర్రలా పట్టుకుని.

"ఇప్పుడేమన్నా మీ ముక్కుల్లోకి సెంటు వెళ్తోందా మాస్టారూ? నా హోటల్లో ఈగల కోసం వేరే బల్ల వెయ్యాల్సొస్తోంది," అన్నాడు చెత్తగుట్ట పక్కనే హోటలు నడిపే ఆయన. హాలంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వాపుకోలేక మైకు పక్కకి పెట్టేశారు.

పొగ సంగతి ఆ పూటకి తేలేలా లేదు. నేల విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఎప్పుడో ఒక మాటమీదికి వచ్చాయి. ఫ్యాక్టరీ మట్టి చెడిందని తేలితే మొత్తం తవ్వి ఎత్తి పోసి, ఆ తర్వాతే ప్లాంటు మాట. బాగుందని తేలితే వచ్చే నెలలోనే పునాదులు. చెడిన నేలలో అలాగే పునాదులు దింపితే అడుగునున్న విషం ఇంకా కిందికి, వీధి బావుల్లోకి దిగుతుందని మున్సిపాలిటీ ఇంజనీరమ్మే ఒప్పుకుంది. ఇప్పుడావిడ కళ్లజోడు సర్దుకుని రిపోర్టు చదివింది.

"పన్నెండు చోట్ల బోర్లు వేశాం. పన్నెండు చోట్లా మట్టి బాగానే ఉంది."

చప్పట్లు మోగాయి. ఆఖరి బెంచీమీది మనిషికి ఆ చప్పట్లు తన చెంపలమీదే పడుతున్నట్టనిపించింది.

పదకొండు బోర్లు అతను కాగితంలో గుర్తుపెట్టిన చోటే వేశాడు, అందులో వంక పెట్టడానికేం లేదు. ఏడోది వెనక గోడ పక్కన. ఆ రోజు తోటి పనివాడు సెలవు పెట్టడంతో ఒక్కడే ఉన్నాడు. గొట్టం రెండడుగులు దిగిందో లేదో, నీలం తిరిగిన నల్లటి మడ్డి పైకొచ్చింది. దానితోపాటు వాసన. తడిసిన అగ్గిపుల్లలూ గోళ్లరంగూ కలిపినట్టుండే వాసన. అది ఏమిటో అతనికి ఏ ల్యాబూ చెప్పనక్కర్లేదు. అది వాళ్ల నాన్న చొక్కా వాసన.

నాన్న ఆ ఫ్యాక్టరీలో తొట్లు కడిగేవాడు. షిఫ్టు అయిపోయాక అడుగున మిగిలిన మడ్డిని బక్కెట్లతో మోసి గోడ పక్క గోతిలో పోసేవాడు. పొయ్యమన్నారు, పోశాడు. కానీ రేపు రిపోర్టు బయటపడితే వీధి ఏమంటుంది? మన బావుల్లో విషం పోసింది మట్టి డాక్టరు నాన్నట అంటుంది. ఆ ఆలోచనకే అతని మొహం కాలిపోయినట్టయింది. కింద రాయి తగిలిందని తనకి తానే చెప్పుకున్నాడు. రాయి తగిలితే రెండడుగులు జరగొచ్చు, జరిగామని రాయాలి. అతను నలభై అడుగులు జరిగాడు, ఏమీ రాయలేదు. అక్కడి ఎర్రమట్టిని సీసాకెత్తి మూతమీద ఏడు వేశాడు. గోడ పక్క గొట్టం దింపిన కంతని కాలితో పూడ్చేశాడు.

"నేనో మాట అడగొచ్చా?"

అడుగుతున్నది వాళ్ల అక్క. వీధి చివర లాండ్రీ ఆమెదే. ఊరందరి మరకల గుట్టూ తెలిసిన మనిషి. అయినా ఒకరి సంగతి ఒకరి దగ్గర ఎత్తదు. అందుకే ఆమె లేస్తే హాలు సద్దుమణిగింది.

"ఈ కాగితాలూ అంకెలూ నాకర్థం కావు. బోర్లేసింది మా తమ్ముడు. వాణ్ణే అడుగుతా." ఆమె వెనక్కి తిరిగింది. "ఒరేయ్, అన్నీ చెప్పిన చోటే వేశావా?"

అన్ని తలలూ అతని వైపు తిరిగాయి. బెంచీ మధ్యలో ఇరుక్కుపోయి సగం లేచాడు.

"చెప్పిన చోటే అక్కా."

"ఏడోదీ?"

పన్నెండింటిలో ఏడే ఎందుకు అడిగిందో అర్థం కాలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వందమంది చూస్తున్నారు. ముందు వరసలో నాన్నతో కలిసి పనిచేసిన ముసలాయన చెయ్యి చెవికి ఆనించుకుని మరీ వింటున్నాడు.

"ఏడోదీ అంతే," అన్నాడు.

అక్క ఇంకో క్షణం అలాగే నిలబడింది. తర్వాత కూర్చుంది. హోటలాయన "ఇంకేంటి మరి!" అని చేతులు దులిపేసుకున్నాడు. కమిషనరు, అభ్యంతరాలేమైనా ఉంటే బుధవారంలోపు రాసివ్వమని, సభ ముగించారు. బయటికొస్తుంటే ఇద్దరు ముగ్గురు అతని భుజం తట్టారు. తట్టినప్పుడల్లా అతను ఒక అంగుళం కుంగిపోయాడు.

ఎండ తగ్గాక లాండ్రీకి వెళ్లాడు. డ్యూటీ బట్టలు ఎప్పుడూ అక్కే ఉతుకుతుంది. ఆమె ఇస్త్రీ ఆపకుండానే గల్లాపెట్టె కిందనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టింది. లోపల అతని చొక్కా. ఉతికింది కాదు. కవరు మూతి పురికొసతో బిగించి కట్టి ఉంది.

"మిగతావన్నీ ఉతికాను. ఇది ఉతకలేదు," అంది. "నీళ్లలో వేద్దామని తీస్తే కుడిచేతి కఫ్ నుంచి వాసనొచ్చింది. ఏడేళ్లు ఉతికాన్రా నాన్న చొక్కాలు. మర్చిపోతానా? నువ్వు బట్టలిచ్చిన సంచీమీద తారీఖు రాసుకున్నాను. ఆ రోజు ఎన్నో నంబరు బోరేశారని మీ ఆఫీసు వాచ్‌మన్ని అడిగితే, ఏడోదని చెప్పాడు."

అతను పురికొస ముడిని వేలితో తడిమాడు.

"తెలిసీ అందరిముందూ ఎందుకడిగావక్కా? ఇంట్లో అడగొచ్చుగా," అన్నాడు. అన్నాక, తప్పు తన దగ్గర పెట్టుకుని అక్కని నిలదీస్తున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"ఇంట్లో చెప్తే ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి. నా అంతట నేను చెప్తే నువ్వు దొంగవవుతావు. నువ్వే చెప్తే మనిషివవుతావు. అందుకే రెండుసార్లడిగాను." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రెండుసార్లూ బస్సులో అన్నట్టే అన్నావు."

బస్సు. ముప్పై ఐదేళ్లుగా ఇద్దరూ ఎత్తని మాట అది.

అప్పుడతనికి పదేళ్లు. బోర్డుమీది అక్షరాలు కనపడట్లేదంటే నాన్న డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా కళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు. బస్సులో నాన్న ముందు సీట్లో, అక్కా తనూ వెనక. పక్కనున్న పెద్దావిడ ముక్కు మూసుకుని, "ఏమిటి బాబూ ఆ వాసన?" అంది. అతను వేలు చూపించాడు. "ఆ ముందు సీటాయన దగ్గర్నుంచండీ." నాన్న వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాతి స్టాపులో లేచి, "మీరు వెళ్తూ ఉండండమ్మా, నేను నడిచొస్తా," అని అక్కతో చెప్పి దిగిపోయాడు. చెమటలు కక్కుకుంటూ డాక్టరు దగ్గరికి నడిచొచ్చాడు, కళ్లజోడు కొనిచ్చాడు. ఆ రాత్రినుంచి చొక్కాలు ఇంట్లో తగిలించడం మానేశాడు. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు.

"నాన్న చేసిన తప్పు బయటపడుతుందని..." అతను గొణిగాడు.

"నాన్న చేసింది ఉద్యోగం. తప్పు చేసింది నువ్వు," అంది అక్క. కవరు అతని వైపు జరిపింది. "ఇది నీది. ఉతుక్కుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం ఉతకను."

ఆదివారమంతా ఆ కవరు అతని వరండాలో కుర్చీమీద ఉంది. అతను దాని చుట్టూ తిరిగాడు. ఉత్తరం రాసి పోస్టులో వేద్దామనుకున్నాడు. ఊరు వదిలిపోదామని కూడా ఒక అరగంట అనుకున్నాడు. అంతటి పిరికివాడు తనేనా అని తనమీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రానికి అక్క దగ్గర్నుంచి ఫోను రాలేదు. రోజూ వచ్చేది.

సోమవారం పొద్దున కవరు విప్పి ఆ చొక్కా తొడుక్కున్నాడు.

మున్సిపల్ ఆఫీసులో అభ్యంతరాల కౌంటరు ముందు పొడవాటి బల్ల, దానిమీద పదిమంది. అతను కూర్చోగానే పక్కాయన పేపరు మడిచి కొంచెం జరిగాడు. కాసేపటికి లేచెళ్లి ఎదుటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇటుపక్క అమ్మాయి రుమాలు తీసింది. ఫ్యాను తిరిగే కొద్దీ వాసన గదంతా పరుచుకుంది. పది నిమిషాల్లో ఆ పొడవు బల్లమీద అతనొక్కడే మిగిలాడు. లేచి పారిపోవాలనిపించింది. నాన్న ఇలా ఎన్ని బస్సుల్లో, ఎన్ని గదుల్లో కూర్చున్నాడో లెక్కేసుకోబోయి మానేశాడు.

అతని వంతు వచ్చింది. కౌంటరు వెనక గుమస్తా ఫారం అందిస్తూ మధ్యలో ఆగి, మొహం చిట్లించింది.

"ఏమిటండీ ఆ వాసన?"

గోడవార నిలబడ్డవాళ్లందరూ ఇటు చూశారు. అతని వేలు ఈసారి ఎవరి వైపూ లేవలేదు.

"మా నాన్నదండీ," అన్నాడు, అందరికీ వినపడేలా. "ఏడో నంబరు బోరులో ఉంది. నేనే దాచాను."