ఇవాళ మేస్త్రి గొంతు ఎవరి దగ్గరుంది?

పొద్దున్న ఏడున్నరకు షట్టరు పైకి లేస్తుంది. లేవగానే ముందు బయటికొచ్చేది రంపపు పొట్టు వాసన, ఆ వెనకే మేస్త్రి గొంతు. అది బడులకు బెంచీలు చేసే షెడ్డు. పన్నెండు మంది పనివాళ్ళు. పని మొదలెట్టే ముందు అందరూ రంపం మిషను చుట్టూ నిలబడాలి, మేస్త్రి ప్రార్థన చెయ్యాలి. అది రూలు. రూలు పెట్టిందీ ఆయనే.

ప్రార్థనంటే అలాంటిలాంటి ప్రార్థన కాదండోయ్. ఆయన "ప్రభువా!" అని ఎత్తుకుంటే రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు బ్రేకు వేసేవాళ్ళు. ఆదివారం చర్చిలో కరెంటు పోయి మైకు ఆగినా ఆయనుంటే పాస్టరుగారికి బెంగ లేదు. నిజం చెప్పాలంటే ఆయన మేస్త్రి అయిందీ ఆ గొంతు పుణ్యమే. పాత మేస్త్రి మానేసినప్పుడు ఓనరమ్మ, "మిషన్ల మోతలో కూడా అందరికీ వినపడేవాడు కావాలి" అంది. వినపడటంలో ఆయనకు పోటీ ఎవరు?

మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు అపార్థం చేసుకోకూడదు. తాగడు, తిట్టడు, ఎవరి కష్టం చెవిన పడ్డా కళ్ళు చెమరుస్తాయి. ఒక్కటే అలవాటు. ఎవరైనా దగ్గరికొచ్చి "మేస్త్రిగారూ, ఒక్క మాట" అంటే చాలు, వాళ్ళ తల మీద చెయ్యి పెట్టేవాడు. "రా, ముందు ప్రార్థన చేసుకుందాం. దేవుడికి తెలియనిదేముంది!" అని కళ్ళు మూసుకుని పది నిమిషాలు చేసేవాడు. ఆమేన్ అయ్యేసరికి, వచ్చినవాళ్ళకు ఎందుకొచ్చారో చెప్పే ఓపిక అయిపోయేది. ఆయన మాత్రం ఇంకొకరి భారం దేవుడికి అప్పగించేశానని తేలిక మనసుతో మళ్ళీ చిత్రిక పట్టుకునేవాడు.

మేస్త్రి అయిన మొదటి రోజే ఇంకో పని చేశాడు. తలా ఒక టేపుతో తలా ఒక కొలత పెడుతున్నారని, స్వయంగా ఒక కర్ర కోసి, "ఇకనుంచి అడ్డబద్దలన్నిటికీ ఇదే కొలత" అని గోడకు తగిలించాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం ఓనరమ్మ పైన తన గదికి పిలిచింది.

"బడి తెరవడానికి నెల కూడా లేదు. ఐదొందల బెంచీల్లో ఇంకా రెండొందల యాభై మిగిలే ఉన్నాయి. పని ఎక్కడో ఆగుతోంది. ఎవరి దగ్గర ఆగుతోందో శనివారానికి పేరు రాసి పట్రా. ఆ మనిషిని పంపించేసి చురుకైనవాళ్ళని పెట్టుకుందాం."

ఎవరి దగ్గర ఆగుతోందో చూడ్డానికి కళ్ళద్దాలు అక్కర్లేదు. షెడ్డు చివర పాలిషమ్మ ముందు బెంచీలు గుట్ట పడి ఉన్నాయి. అసలు పేరు ఏదో ఉంది గానీ అందరికీ పాలిషమ్మే. యాభై దాటిన మనిషి. లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, పాలిష్ వెయ్యడం ఆమె పని. రోజుకు పది బెంచీలు తేల్చే మనిషి ఈమధ్య ఆరు దాటట్లేదు. షెడ్డు వెనక ఓనరమ్మ ఇచ్చిన ఒంటి గదిలో, మంచాన పడ్డ అక్కతో ఉంటోంది. పని పోతే గదీ పోతుంది. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. అందుకే ఆమె పేరు రాసిన కాగితం జేబులో పెట్టుకుని చాలాసేపు బాధపడ్డాడు. బాధపడ్డాడు గానీ వెళ్ళి ఒక మాట అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మోకరించాడు. "ప్రభువా, నన్ను పదిమందికి ముందు నిలబెట్టావు. నడిపించే తెలివి కూడా నువ్వే ఇయ్యి. నా గొంతు ప్రతి ఒక్కరి దాకా వెళ్ళాలి తండ్రీ, ప్రతి ఒక్కరి దాకా!"

దేవుడు విన్నాడు. మనం అడిగేది మనకంటే ఆయనే శ్రద్ధగా వింటాడు, అదే కదా చిక్కు.

మర్నాడు నిద్రలేచేసరికి వంటింట్లోంచి తన గొంతే వినపడింది. "ఏమండీ, లేవండి. కుళాయి కారుతోందని చెప్పి నెలయింది."

వెళ్ళి చూస్తే భార్య. నోరు ఆమెది, గొంతు ఆయనది. మాట్లాడబోతే ఆయన నోట్లోంచి ట్యూబులో గాలి పోయినట్టు "స్స్" అని తప్ప ఏమీ రాలేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం? మీదే. లేచేసరికి నా దగ్గరుంది" అంది ఆమె, గిన్నె కడుగుతూ. "ఒకందుకు మంచిదే. కుళాయి అనగానే ప్రార్థన అంటారు. దేవుడొచ్చి పానా పట్టుకుంటాడా?"

జవాబు చెప్పే వీల్లేక ఆయన పానా తీశాడు. పావుగంట పని.

షెడ్డుకు వెళ్ళేసరికి గొంతు ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. ఈసారి జిగురు మామ దగ్గర. అతుకులకు జిగురు పెట్టే బక్కపలచని ముసలాయన.

"మేస్త్రీ! నీ గొంతు నాకొచ్చిందయ్యా. ఇంత బరువు ఎలా మోస్తున్నావు?"

అందరూ నవ్వారు. ఎవరో టీ పెట్టడానికి వెళ్ళారు. అంతే. ఇక ఆ రోజునుంచి, సుత్తి ఎవరి దగ్గరుందని అడిగినట్టే, "ఇవాళ మేస్త్రి గొంతు ఎవరి దగ్గరుంది?" అని అడగడం మామూలైపోయింది. గొంతు ఎవరి దగ్గరుంటే ప్రార్థన వాళ్ళది. జిగురు మామ కళ్ళు మూసుకుని, రేకులు అదిరేలా చేశాడు.

"దేవా, నా పక్క కిటికీకి మేకులు కొట్టేశారు. జిగురు ఘాటుకు ఊపిరాడట్లేదు. ఆమేన్."

ఆ షెడ్డులో అంత చిన్న ప్రార్థన అంతకుముందు ఎవరూ వినలేదు. మేస్త్రికి గుర్తొచ్చింది. ఈయన ఒకసారి "ఒక్క మాట" అని వచ్చాడు. అప్పుడు తాను ఊపిరితిత్తుల కోసం కన్నీళ్ళతో ప్రార్థించి పంపించాడు. మేస్త్రి పటకారు తీసుకెళ్ళి ఆరు మేకులూ పీకాడు. కిటికీ తెరుచుకుంది.

బుధవారం రంపం మిషను నడిపే అతని దగ్గర, గురువారం దుంగలు మోసే వదినా మరదళ్ళ దగ్గర చెరి సగం రోజు. రోజుకో కొత్త సంగతి బయటపడింది. మేస్త్రి విన్నాడు. గొంతు లేని మనిషి ఇంకేం చేస్తాడు చెప్పండి?

శుక్రవారం పొద్దున్న మాత్రం గొంతు ఎవరి దగ్గరుందో తెలియలేదు. ఒక్కొక్కరూ దగ్గి చూసుకున్నారు. ఎవరి దగ్గరా లేదు. ఇంతలో షెడ్డు చివర గరుకు కాగితం దుమ్ముకు ఎవరో తుమ్మారు. చెక్కలు కదిలిపోయాయి. పాలిషమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

మేస్త్రి వెళ్ళి ఆమె ఎదురుగా ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి కూర్చున్నాడు. జేబులో కాగితం గుచ్చుకుంటోంది.

"ఏం లేదు మేస్త్రిగారూ" అంది ఆమె, ఆయన గొంతుతోనే. "నాకేం ఇబ్బంది లేదు."

అలవాటు కొద్దీ చెయ్యి ఆమె తల దాకా లేచింది. ప్రార్థించడానికి గొంతు లేదని గుర్తొచ్చి దిగిపోయింది. ఆయన మాత్రం లేవలేదు. అలాగే కూర్చున్నాడు. ఆమె ఒక బెంచీ రుద్దింది. రెండో బెంచీ మొదలెట్టింది. చివరికి గరుకు కాగితం కింద పెట్టేసింది.

"మూడుసార్లు వచ్చాను మీ దగ్గరికి. మొదటిసారి మా అక్క కోసం ప్రార్థన చేశారు. రెండోసారి నా కళ్ళ కోసం చేశారు. మూడోసారి నాకు ఓర్పు ఇమ్మని చేశారు. ఆ ఓర్పుతోనే నెట్టుకొస్తున్నాను. నేనొచ్చింది ఇందుకు."

బెంచీ తిప్పి అతుకు చూపించింది. బద్ద చివర వెలుతురు కనపడేంత సందు.

"మీ కర్ర ఒక నూలు తక్కువండీ."

టేపు పెట్టి కొలిచాడు. అంగుళంలో ఎనిమిదో వంతు, సరిగ్గా ఒక నూలు తక్కువ. ఆయనకు వెంటనే అర్థమైంది. కర్ర కొలత ప్రకారమే కోశాడు. కోశాక, మేస్త్రి చేసిన కర్ర కదా, కొసలు అందంగా ఉండాలని చిత్రిక పట్టాడు. ఆ చెక్కడంలో పొడవు తగ్గిందేమోనని మళ్ళీ కొలవలేదు.

"బెంచీకి ఎనిమిది అతుకులు. అన్నిట్లో పొట్టూ జిగురూ కలిపి కూరాలి, ఆరబెట్టాలి, మళ్ళీ రుద్దాలి. కూరకుండా పాలిష్ కొట్టేస్తే మూణ్ణెల్లలో ఊగిపోతాయి. పిల్లలు కూర్చునేవి కదా అని..."

తప్పు తనది, చెబుతున్న గొంతూ తనదే. కాదని ఎవరితో వాదించాలి?

ఇక్కడ మీ దగ్గర ఒకటి దాచను. ఆయనకో ఆలోచన వచ్చింది. కర్ర పొయ్యిలో పెట్టేస్తే సరి, కొత్తది కోసుకోవచ్చు, కాగితంలో పేరు అలాగే ఉండనివ్వొచ్చు. ఎవరికి తెలుస్తుంది? భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక కర్ర చేతిలో పట్టుకుని మోకరించాడు. గొంతు లేకుండా ప్రార్థన చెయ్యడం అదే మొదటిసారి. తన మాట తనకే వినపడలేదు. లోపల ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఇంకెవరైనా మాట్లాడితే వినపడేంత. ఏం వినపడిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. లేచి జేబులోని కాగితం చింపేశాడు.

శనివారం పైకి వెళ్తూ పాలిషమ్మను కూడా రమ్మని సైగ చేశాడు. "నా పేరేనా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపి, కర్ర ఆమె చేతికిచ్చాడు.

"పేరు తెచ్చావా?" అంది ఓనరమ్మ.

ఆయన ఇచ్చిన కొత్త కాగితం చూసి కళ్ళజోడు సర్దుకుంది. "ఇది నీ పేరేగా! ఎందుకని?"

మేస్త్రి పాలిషమ్మ వైపు చూశాడు. ఆ గదిలో ఎప్పుడూ కుర్చీ అంచున కూడా కూర్చోని మనిషి, నోరు తెరిచేసరికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నూలు సంగతి చెప్పింది, ఎనిమిది అతుకుల సంగతి చెప్పింది, కర్ర బల్ల మీద పెట్టింది. "నిన్న మేస్త్రిగారు నా మాట విన్నారు. ఇవాళ నన్ను వెంట తీసుకొచ్చారు" అని ముగించింది.

ఓనరమ్మ కర్రను అటూ ఇటూ తిప్పింది. "మేస్త్రీ, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

తెలిసేది కాదని తలూపాడు.

"మరి ఎందుకు చెప్పావు?"

ఆయన పాలిషమ్మను చూపించాడు. ఓనరమ్మ కర్ర పక్కకు నెట్టింది.

"సరే, ఎవరూ పోనక్కర్లేదు. ఈ బెంచీలు పూర్తయ్యేదాకా కొలతలు ఈమె చూస్తుంది. ఈమె మాటే చెల్లుతుంది. ఇక నువ్వు..." నవ్వు ఆపుకుంది. "నువ్వు లప్పం పెట్టు."

మెట్ల మీద చెవి ఒగ్గి నిలబడ్డ జిగురు మామ కిందికి పరిగెత్తాడు, ముందు తనే చెప్పాలని.

మొదటి రోజు మేస్త్రి తేల్చింది మూడు బెంచీలు. నడుం పట్టేసింది, గోళ్ళ నిండా లప్పం. కానీ ఆ డబ్బా మీద కూర్చున్నాక ఒక చిత్రం గమనించాడు. జనం వచ్చి పక్కన కూలబడేవాళ్ళు. ఆయన చేతులకు పని ఉంది, నోటికి లేదు. ఇంట్లో గొడవలు, చెప్పుకోలేని నొప్పులు, ఏ బ్లేడు మొద్దుబారిందో, ఏ చెక్కలో తడి ఉందో, అన్నీ చెప్పేవాళ్ళు. చెయ్యగలిగింది ఆ పూటే చేసేవాడు. మిగిలింది ఇంటికెళ్ళి మోకాళ్ళ మీద, ఒక్కొక్కరి పేరూ చెప్పి, చప్పుడు లేకుండా దేవుడికి చెప్పేవాడు.

బెంచీలు బడి తెరవడానికి రెండు రోజుల ముందే లారీ ఎక్కాయి.

గొంతు మాత్రం పాలిషమ్మను వదిలి కదల్లేదు. అడిగితే "ఇక్కడ దానికి పని దొరికినట్టుంది" అనేది. మేస్త్రికి లోపల్నుంచి కొత్తది మొలిచింది. చిన్నది. పక్కన కూర్చుంటే తప్ప వినపడదు.

ఏడాది తిరిగేసరికి గోడవతల రెండో షెడ్డు లేచింది. మేస్త్రిగా ఎవరుండాలని ఓనరమ్మ అడిగితే, పన్నెండు మందీ మొదటి షెడ్డుకు ఆయనే ఉండాలన్నారు. రెండో షెడ్డుకు పాలిషమ్మ పేరు చెప్పింది ఆయన.

ఆ కొత్త షెడ్డు తెరిచిన పొద్దున్న పాలిషమ్మ ఆయన దగ్గరికొచ్చింది.

"అన్నీ కొత్త మొహాలు. పదిహేను మంది నిలబడి నా వైపే చూస్తున్నారు. ఏం చెప్పమంటారు?"

ఆయన ఏదో అన్నాడు. వినపడక ఆమె దగ్గరికి వంగింది.

"ఏమీ చెప్పకమ్మా. ముందు అడుగు."

ఆమె వెళ్ళింది. కాసేపటికి గోడ అదిరేలా వినపడింది: "మీకు ఇక్కడ ఏం ఇబ్బందులున్నాయి?"

ఆ వెనక ఏమీ లేదు. మేస్త్రి చిత్రిక కింద పెట్టి, గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఆమె కూడా ఆగింది, ఇంకో మాట అనలేదు. చాలాసేపటికి అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత ఒకాయన మెల్లగా మొదలెట్టాడు.